వకాలత్ లేని ఫైలు

జూన్ 12, 2024, బుధవారం

వేసవి సెలవుల తర్వాత మొదటి వాయిదా. పదింబావుకే వెళ్లి వెనక బెంచీలో కూచున్నాను. పదిన్నరకి కాల్ వర్క్ మొదలైంది. నా నంబరు పిలవగానే లేచి ‘పార్టీ ఇన్ పర్సన్’ అన్నాను. బెంచి క్లర్కు ఒకసారి తలెత్తి చూసి, కట్ట పక్కన పెట్టి, తర్వాతి నంబరు పిలిచాడు. ఆ కట్ట మళ్లీ పైకి వచ్చేసరికి మూడు దాటింది.

ఎదుటి లాయరు పొద్దున్నే ఒక్క నిమిషం కనబడి, ఇంకో హాల్లో పనుందని పాస్ ఓవర్ (కాసేపాగి పిలవమని) అడిగి వెళ్లిపోయాడు. ఇచ్చారు. ఇవ్వకూడదని నేననను, ఆయనకి నిజంగానే పనుండొచ్చు. నేను మందులు వేసుకునే వేళ దాటిపోతోందని ఎవరిని అడగాలి, ఏమని అడగాలి? దానికి కోర్టు భాషలో ఒక మాట ఉందేమో, ఇన్నేళ్లు లాయర్ల కాగితాలు టైపు చేసినా నా వేళ్లకి తగల్లేదు.

జడ్జిగారు మంచివారే. గొంతులో విసుగు లేదు. ‘ఏమ్మా, ఒక లాయర్ని పెట్టుకోవచ్చు కదా, లీగల్ ఎయిడ్ ఉంది కదా’ అన్నారు. పోయిన వాయిదాకీ అదే అన్నారు. ఉంది, నాకు తెలుసు. 1987 చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడదాన్ని కాబట్టి ఆదాయం ఎంతున్నా నాకు ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. ఆ దరఖాస్తు ఫారాలు నేనే ఎంతమందికో నింపిపెట్టాను. లాయరు దొరక్క రాలేదు, నా సంగతి నేను చెప్పుకోగలనని వచ్చాను. ఈ మాట అక్కడ చెబితే పొగరు అనుకుంటారు. ‘చూస్తానండీ’ అన్నాను. వాయిదా పడింది.

ఏ కోర్టో ఈ నోటుబుక్కులో కూడా రాయను. ఆ క్లర్కుకీ ఇల్లూ పిల్లలూ ఉన్నారు.

జూన్ 14, శుక్రవారం

రవి (అన్నయ్య కొడుకు) ఫోన్ చేసి, ‘లక్షన్నర కోసం ఇంత అవసరమా అత్తా’ అన్నాడు. వాడికి నెలకి అంత వస్తుంది. నాకు తంబు చెట్టి వీధిలో లాయరుగారి ఆఫీసులో, ఆ తర్వాత పక్కనే సొంతంగా జాబ్ టైపింగులో గడిచిన బతుకంతా కలిపితే మిగిలింది ఆ అడ్వాన్సే. మద్రాసులో ఇల్లు అద్దెకి అంటే పది నెలల అడ్వాన్సు. పదిహేను వేల అద్దె, లక్షా యాభై వేలు. ఖాళీ చేసేటప్పుడు ఓనరు గోడలకి రంగు అన్నాడు, మోటారు అన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. లాయరు ఫీజు ముప్పై వేలు చెప్పారు. కోర్టు ఫీజు మాత్రం 2017లో తమిళనాడు ఏడున్నర శాతం నుంచి మూడు శాతానికి దించడం నా పాలిట దేవుడే. నాలుగు వేల ఐదువందలతో పోయింది.

దావా వేసినప్పటి రిటర్న్ చీటీలు ఇవాళ మళ్లీ తీసి చూశాను. ఇక్కడ కాగితాలు ఇవ్వగానే కేసు కాదు. ముందు ఎస్.ఆర్. నంబరు పడుతుంది. లోపాలుంటే వెనక్కి వస్తాయి, దిద్ది మళ్లీ పెట్టాలి, గడువు దాటితే ఆలస్యాన్ని క్షమించమని ఇంకో పిటిషను. నాకు మొదట వచ్చిన లోపం: ‘వకాలత్ జతపరచలేదు.’ వకాలత్ అంటే నా తరపున వాదించమని లాయరుకి నేనిచ్చే పత్రం. నాకు నేను ఇచ్చుకోవాలా? సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 3 రూల్ 1 ప్రకారం పార్టీ స్వయంగా హాజరు కావచ్చని రాసి తిరిగి పెట్టాను. రెండోసారి వచ్చిన చీటీ: ‘ఈ దావా ఎలా చెల్లుబాటవుతుందో వివరించాలి.’ ఇది పాత నేస్తం. ఆఫీసులో ఉండగా ఈ వాక్యానికి జవాబులు కుప్పలుగా టైపు చేశాను. కానీ అప్పుడు మా ఆఫీసు గుమాస్తా ఆ చీటీ పట్టుకుని కౌంటరు దగ్గరికి పోయి, ‘ఏంటన్నా ఇది’ అని నవ్వి, అక్కడే పెన్నుతో దిద్దించుకుని వచ్చేవాడు. అదే కౌంటరు, అదే లోపం. నేను వెళితే ‘దిద్ది రీప్రెజెంట్ చెయ్యండమ్మా’. రూలు ప్రకారం నాతో మాట్లాడిందే సరైన పద్ధతి. గుమాస్తాకి జరిగింది రూల్లో లేదు. ఇంతకన్నా బాగా ఎలా ఫిర్యాదు చెయ్యాలో నాకు తెలియదు, రూలు పాటించారని ఎవరి మీద ఫిర్యాదు చేస్తాం?

జులై 3, బుధవారం

బాయ్‌కాట్. కొత్త క్రిమినల్ చట్టాలు మొన్న ఒకటో తారీకు నుంచి అమల్లోకి వచ్చాయి, వాటికి నిరసనగా లాయర్లు రాలేదు. హాలంతా ఖాళీ. ముందు వరస కుర్చీలు లాయర్లవి కాబట్టి ఖాళీగా ఉన్నా కూచోలేదు, అలవాటు. ఇవాళైనా తొందరగా పిలుస్తారనుకున్నాను. పిలిచారు కూడా. ప్రతివాది లాయరు లేరు, కాబట్టి వాయిదా.

వాయిదా తప్పేమీ కాదు. లాయరు సమ్మెలో ఉంటే క్లయింటుని శిక్షించకూడదు. అయితే లాయర్లకు సమ్మె చేసే హక్కు లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో హరీష్ ఉప్పల్ కేసులో చెప్పింది. ఆ తీర్పు జిరాక్సులు తీసినప్పుడు మా వీధిలో అందరూ చదివారు, అందరూ తలూపారు. నా సంగతి వేరు. వాదిని నేను, ఎదుటివాళ్లొచ్చి నేను రాకపోతే ఆర్డర్ 9 రూల్ 8 కింద దావా కొట్టేయొచ్చు. మళ్లీ తెరిపించడానికి కారణం చూపాలి, డాక్టరు సర్టిఫికెట్ పెట్టాలి. ‘నేను ఇవాళ నా మీద నేనే నిరసనగా రాలేదు’ అని రాస్తే ఒప్పుకుంటారా!

బయట వరండాలో ఒక తాతగారు కనబడ్డారు, గుడ్డసంచీ నిండా కాగితాలతో. ఆయనకీ లాయరు లేడు. వచ్చిన లాయర్లందరినీ ఆయనే పంపించేశారట. పొలం గట్టు కేసు ఏ కాలంలోనో మొదలై, ఇప్పుడు జడ్జిల మీద ఫిర్యాదుల దాకా వచ్చింది. నన్ను ‘మన జాతి’ అన్నట్టు చూసి నవ్వారు. నేనూ నవ్వాను గానీ, లోపల భయం వేసింది. బెంచి క్లర్కు నన్ను చూసే చూపు ఈయన వల్ల వచ్చిందే.

జులై 5, శుక్రవారం

ఆంధ్ర హైకోర్టు గుంటూరులో మొదలై ఇవాళ్టికి డెబ్భై ఏళ్లు, 1954. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక కూడా అప్పటిదాకా మన వాళ్లు అప్పీలుకి మద్రాసు రావలసిందే. మా తాత నెల్లూరు నుంచి రైల్లో వచ్చి, సత్రంలో దిగి, ఎర్రటి హైకోర్టు గుమ్మటాల్ని చూసి వెళ్లేవాడట. కేసేమైందో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, గుమ్మటాలు మాత్రం అందరికీ గుర్తే. 1892లో కట్టిన ఆ భవనం మీద ఒకప్పుడు లైట్‌హౌస్ దీపం వెలిగేది. ఓడలకి దారి కనబడేది. మా తాతకి లోపల ఏ హాలు ఎటో ఎవరు చూపించారో.

అప్పట్లో మద్రాసులో ప్రధాన న్యాయమూర్తి తెలుగువారే, పి.వి. రాజమన్నార్. 1948 నుంచి 1961 దాకా. తెలుగులో నాటకాలు కూడా రాశారు. ఒకదాని పేరు ‘తప్పెవరిది’. జడ్జి రాయదగ్గ నాటకమే.

జులై 23, మంగళవారం

ఇవాళ నన్ను బోనెక్కించారు. కాస్త వివరంగా రాసుకోవాలి.

చీఫ్ ఎగ్జామినేషన్ ఇప్పుడు ప్రూఫ్ అఫిడవిట్‌తో సరిపోతుంది, అది సొంతంగా టైపు చేసి పెట్టేశాను. అఫిడవిట్‌లో ఉన్నది నిజమేనా అంటే నిజమే అన్నాను. డాక్యుమెంట్లు మార్కు చేయడం దగ్గర ఆగింది. ఓనరు వాట్సాప్‌లో పంపిన మెసేజ్ ఉంది, ‘పెయింటింగ్ ఖర్చు పోను మిగతాది వచ్చే నెల పంపిస్తా’ అని. నా కేసుకి ప్రాణం అదే. ఎదుటి లాయరు లేచి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన 65బి సర్టిఫికెట్ లేదు కాబట్టి అబ్జెక్షన్ అన్నాడు. ఆయన ఫైలు తిరగేయలేదు, లాయరు లేనిదానికి 65బి ఎక్కడ తెలుస్తుందనుకున్నాడు. 2020 జులైలో అర్జున్ పండిత్‌రావ్ తీర్పులో ఆ సర్టిఫికెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు అన్న దగ్గర్నుంచి జాబ్ టైపింగులో మాకు అదే పని. నాలుగో పేజీలో ఉంది సార్ అన్నాను. చూశాడు. ఈసారి, ఎవిడెన్స్ యాక్టే పోయింది, ఒకటో తారీకు నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్, సెక్షన్ 63, ఫారం వేరు అన్నాడు. కేసు పాతది, పెండింగులో ఉన్నవాటికి పాత చట్టమే అన్నాను. జడ్జిగారు ఆయన వైపు చూశారు, ఆయన కూచున్నాడు. ‘సబ్జెక్ట్ టు అబ్జెక్షన్’ అని మార్కయింది.

గెలిచాను అనిపించిన ఆ నిమిషంలోనే నాకు నీరసం వచ్చింది. ఈ సంగతి తెలియడానికి నాకు తంబు చెట్టి వీధి కావలసివచ్చింది. పూలు అమ్మే ఆవిడ, ఆటో నడిపే ఆయన ఈ బోనులో నిలబడితే? మెసేజ్ ఫోన్లో కళ్లెదుట కనబడుతుంటే, అది సాక్ష్యం కాదంటే, ఏం అర్థమవుతుంది వాళ్లకి? అన్యాయం అంటారు. అనరా మరి?

తర్వాత క్రాస్. ‘మీరు లాయరు ఆఫీసులో పనిచేశారు, చట్టం తెలుసు కాబట్టి ఈ కేసు అల్లారు అంటున్నాను.’ కాదండీ అన్నాను. చట్టం తెలియకపోతే పనికిరాని పిటిషను, తెలిస్తే అల్లిన పిటిషను. క్రాస్ అయ్యాక జడ్జిగారు ‘రీ-ఎగ్జామినేషన్?’ అన్నారు అలవాటుగా. సాక్షిని తిరిగి ప్రశ్నించాల్సింది ఆ సాక్షి తరపు లాయరు. ఆ లాయరు బోనులో ఉంది. ఒక్క క్షణం హాలంతా నిశ్శబ్దం, ఎవరో కిసుక్కుమన్నారు, నాకూ నవ్వొచ్చింది. నన్ను నేను ‘ఏమ్మా, ఆ మెసేజ్ వచ్చిన తేదీ ఏది’ అని అడుక్కోవాలేమో. ‘ఏమైనా వివరణ ఉంటే చెప్పండమ్మా’ అని జడ్జిగారే దారి ఇచ్చారు. చెప్పాను, రాయించుకున్నారు. ఇది కూడా నోట్ చేసుకోవాలి, ఎవరూ అడ్డం పడలేదు.

ఆగస్టు 11, ఆదివారం

సార్‌ని (నేను పనిచేసిన ఆఫీసు లాయరుగారిని) చూడటానికి మైలాపూరు వెళ్లాను. కళ్లు సరిగా కనబడటం లేదు, బుర్ర మాత్రం చురుకే. ‘నువ్వు నాతో చెబితే నేనే హాజరయ్యేవాణ్ణి కదా’ అని కోప్పడ్డారు. అందుకే చెప్పలేదు.

ఆయన వాదన న్యాయమైనదే, అందుకని రాసుకుంటున్నాను. జడ్జి ముందు రోజుకి పొడుగాటి లిస్టు. లాయరు చేసే అసలు పని వాదించడం కంటే వడపోయడం, క్లయింటు చెప్పే పది మాటల్లో తొమ్మిది పారేసి ఒకటి కోర్టుకివ్వడం. పార్టీ ఇన్ పర్సన్ ఆ పదీ తెస్తాడు, పైగా ఏడుస్తాడు, కోప్పడతాడు. జడ్జి సాయం చేస్తే ఎదుటివాడు పక్షపాతం అంటాడు, చెయ్యకపోతే ఇతను అంటాడు. ‘ఆ కుర్చీలో కూచుని చూడు’ అన్నారు. సుప్రీంకోర్టు 2013 రూల్స్‌లో పెట్టింది కూడా అదే: స్వయంగా వాదిస్తానంటే ముందు రిజిస్ట్రారు మాట్లాడి చూస్తారు, కోర్టుకి సాయపడగలడా లేదా అని. ఇక్కడి హైకోర్టులోనూ రిజిస్ట్రీ అధికారుల కమిటీ ఉంది. లాయర్లకి మాత్రం ఒకసారి ఎన్‌రోల్ అయితే ఆ పరీక్ష లేదు, నేను టైపు చేసిన కొన్ని డ్రాఫ్టులు చూస్తే ఉండాలనిపిస్తుంది. అన్నాను ఆ మాట. సార్ నవ్వారు.

కోర్టు వరండాలో కనబడ్డ తాతగారి సంగతి చెబితే, మద్రాసే మొదట ఇలాంటివాళ్లకి చట్టం చేసింది అని 1949 నాటి వెక్సేషియస్ లిటిగేషన్ యాక్టు గుర్తుచేశారు. అదేపనిగా వేధింపు దావాలు వేసేవాణ్ణి అడ్వకేట్ జనరల్ దరఖాస్తు మీద హైకోర్టు ప్రకటిస్తుంది. ఆపైన అనుమతి లేకుండా అతను కేసు వేయకూడదు. ఇది హైదరాబాదులో ఒకాయన మీద వాడితే 1965లో సుప్రీంకోర్టు దాకా పోయింది. చట్టం చెల్లుతుంది గానీ తెలంగాణ ప్రాంతానికి విస్తరించనే లేదు కాబట్టి అక్కడి కోర్టులకి వర్తించదని తేలింది. ఆ విసిగించేవాడు, ప్రభుత్వానికి తట్టని పాయింటు మీద గెలిచాడన్నమాట. నాకు చాలా సంతోషం వేసింది, సార్‌కి అంతగా వేయలేదు.

పేరున్నవాళ్ల సంగతి వేరు కదా సార్ అన్నాను. సుబ్రమణ్యస్వామి లాయరు కాదు. చిదంబరం నటరాజస్వామి గుడి కేసులో సొంతంగానే వచ్చారు, 2014 జనవరిలో సుప్రీంకోర్టులో గెలిచారు కూడా. సార్ వెంటనే ‘మరి 2009?’ అన్నారు. నిజమే. ఆ ఫిబ్రవరి 17న హైకోర్టులో జస్టిస్ మిశ్రా, జస్టిస్ చంద్రు బెంచి ముందు అదే కేసులో కూచునుంటే ఆయన మీద లాయర్లు కోడిగుడ్లు విసిరారు. రెండు రోజులకి పోలీసులకీ లాయర్లకీ హైకోర్టు ఆవరణలోనే కొట్లాట. మా వీధిలో షట్టర్లు దించేసి మేం లోపల కూచున్నాం, బయట పరుగులు. అంటే పేరున్నా గుడ్లు తప్పలేదు, కాకపోతే ఆ గుడ్లు దేశమంతా తెలిశాయి.

నాకు ఎక్కువ దగ్గరివాడు ట్రాఫిక్ రామస్వామి. ప్యారీస్ కార్నర్‌లో తనంతట తానే ట్రాఫిక్ నడిపి ఆ పేరు తెచ్చుకున్న ముసలాయన, చొక్కా జేబు నిండా కాగితాలు. ఫ్లెక్సీల మీదా అక్రమ కట్టడాల మీదా కేసులేసి, సొంతంగా వాదించుకుని, ఎందరు జడ్జిల్ని విసిగించాడో, ఎన్ని ఉత్తర్వులు తెచ్చాడో. 2018లో సినిమా తీశారు, నటుడు విజయ్ నాన్న ఎస్.ఎ. చంద్రశేఖర్ ఆ వేషం వేశారు. 2021 మేలో 87 ఏళ్లకి పోయారు. ఆయన్ని లాయర్లూ జడ్జిలూ ఓర్చుకున్నారంటే, రోజూ వచ్చేవాడు కాబట్టి. తిట్టుకుంటూనే పేరు పెట్టి పిలిచేవాళ్లు.

తిరిగి వస్తూ బస్సులో నాకు తోచింది ఇదే. కోర్టులో పగ లేదు, పరిచయం ఉంది. రోజూ కలిసేవాళ్లు ఒకరికొకరు వేళ ఇచ్చుకుంటారు, మాట సర్దుకుంటారు, రేపు అవసరం పడుతుందని. నాతో వాళ్లకి రేపు లేదు. మార్క్ గేలంటర్ అనే అమెరికన్ ప్రొఫెసరు 1974లోనే ఇది రాశాడని సార్ చెప్పారు, కోర్టుకి మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకీ ఒక్కసారి వచ్చేవాళ్లకీ తేడా ఏమిటని. ఆ జడ్జిగారిని నేను తప్పుపట్టలేను, ఆయన నాతో ఒక్క మాట తేడాగా అనలేదు. కానీ ఒక్క మాట కూడా అనకుండా ఒక మనిషిని పొద్దుటి నుంచి మూడింటిదాకా నిలబెట్టొచ్చు.

సెప్టెంబర్ 19, గురువారం

వాదనలు. రవి సెలవు పెట్టి వచ్చాడు, పక్కన నిలబడి కాగితాలు అందిస్తానని. ‘మీరెవరు?’ అని అడిగారు. మేనల్లుడు. వెనక్కి వెళ్లి కూచోమన్నారు. లాయరు కానివాళ్లు ఇంకొకరి తరపున మాట్లాడటం హక్కు కాదు, అడ్వకేట్స్ యాక్టు సెక్షన్ 32 కింద కోర్టు అనుమతిస్తేనే; 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు కూడా ఉంది. వాడు మాట్లాడతానని అనలేదు పాపం, కాగితాలే. ఇంగ్లండులో 1970లో ఒక విడాకుల కేసులో ఇలాగే పక్కన కూచుని గుసగుసగా సాయం చేస్తున్న కుర్రాణ్ణి జడ్జి ఆపించేస్తే, అది తప్పని పైకోర్టు అంది. అప్పట్నుంచి అలాంటి తోడుకి అక్కడ మెకెంజీ ఫ్రెండ్ అని పేరే వచ్చింది. మనకి ఒక కుర్చీ వేస్తే చాలు, పేరక్కర్లేదు.

పది నిమిషాలు మాట్లాడాను. ఓనరు ఎంత నమ్మించాడో, అమ్మ పోయినప్పుడు కూడా ఎలా ఒత్తిడి చేశాడో నోటిదాకా వచ్చింది. మింగేశాను. పేరా నంబర్లు, ఎగ్జిబిట్ నంబర్లు, తేదీలు. జడ్జిగారు ‘బాగా ప్రిపేరయ్యారు’ అన్నారు. బయటికి వచ్చాక రవి, ‘అత్తా, నువ్వు అచ్చం లాయర్లా మాట్లాడావు’ అన్నాడు మెచ్చుకుంటూ. నాకు సంతోషం కలగలేదు. స్వయంగా చెప్పుకుంటానని వెళ్లి, చెప్పుకోవలసింది మింగేసి వచ్చాను.

అక్టోబర్ 24, గురువారం

తీర్పు. లక్షా పన్నెండు వేలకి డిక్రీ, దామాషా ఖర్చులతో. రంగుకి ముప్పై ఎనిమిది వేలు తీసేశారు. బిల్లు లేకుండా ఎలా తీశారో అప్పీల్లో అడగొచ్చు, అడగను. నా మెసేజ్ నిలబడింది, అబ్జెక్షన్ కొట్టేశారు. తీర్పులో ఒక చోట ‘వాది స్వయంగా హాజరై సమర్థంగా వాదించుకున్నారు’ అని ఉంది. లాయరు గురించి అలా రాయరు, అయినా చదువుకున్నాను రెండుసార్లు.

అక్టోబర్ 28, సోమవారం

కాస్ట్ మెమో వెయ్యమన్నారు. ఆ ఫారం నాకు కళ్లు మూసుకుని టైపు చేయడం వచ్చు. దావా మీద స్టాంపు, 4,500. వకాలత్ మీద స్టాంపు, లేదు. బత్తా ఖర్చు, ఉంది. ప్లీడరు ఫీజు. అక్కడ ఆగాను. క్లర్కుని అడిగితే ‘మీకు ప్లీడరు లేడు కదమ్మా, నిల్ వెయ్యండి’ అన్నాడు. ముప్పై వేలు లాయరుకి ఇచ్చుంటే అందులో కొంతైనా ఓనరు నెత్తిన పడేది. నేనే చేసుకున్నాను కాబట్టి నా పని ఆయనకి ఉచితం. టైపింగు చార్జీ అయినా వేసుకోవచ్చా అన్నాను, మార్కెట్ రేటుకే, పేజీకి ఇంత అని. క్లర్కు మొదటిసారి నవ్వాడు. ‘మీరే టైపు చేసుకున్నారని మీకెవరు బిల్లిస్తారమ్మా?’ రశీదు పుస్తకం నా దగ్గరే ఉంది, పాతది, ఇంకా కొన్ని కాగితాలు మిగిలాయి. ఊరుకున్నాను, నిల్ కొట్టాను.

ఓనరు అప్పీలుకి వెళ్తాడని వరండాలో ఆయన లాయరే చెప్పాడు, దీపావళి తర్వాత. నాకు చెప్పకుండా ఉత్తర్వులు ఇవ్వొద్దని రేపు 148ఎ కింద కేవియట్ టైపు చేయాలి. కాపీ ఆయనకి రిజిస్టర్డ్ పోస్టులో వెళ్లాలి, తొంభై రోజులు పనిచేస్తుంది. తీర్పు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు ఇవాళే పెట్టేశాను. అందులోనూ ‘అడ్వకేట్ ఫర్’ అని అచ్చయి ఉంది, కొట్టేసి సంతకం పెట్టాను.